ఇంటికి ఏ.సి. యంత్రం: అమర్చేసరికి అయ్యే ఖర్చు ఎంత?

ధర మీద రూపాయికి ఆరణాలు పైఖర్చు – రాగి, పన్ను, కరెంటు, వడ్డీ లెక్కలు

వేముల: కడప జిల్లాలో ఎండలు ముదిరేసరికి ఏ.సి. యంత్రాలకు గిరాకీ పెరగడం ఏటా జరిగేదే. ప్రొద్దుటూరు బంగారం అంగళ్లలో, పత్తి వ్యాపారుల కార్యాలయాల్లో మొదలైన ఈ యంత్రం ఇప్పుడు జమ్మలమడుగు, పులివెందుల, వేముల ప్రాంతాల్లో నివాసగృహాలకు కూడా వచ్చింది. పది పుట్ల సరుకు కొనేటప్పుడు కాటా, కూలీ, కమీషన్, గోనెసంచి, బాడుగ అన్నీ కలిపి పడతల ధర కట్టే వర్తకుడు, ఏ.సి. విషయంలో మాత్రం అంగట్లో అతికించిన చీటీ మీది ధరనే ఖర్చు అనుకుంటున్నాడు. తీరా గోడకు ఎక్కేసరికి ఖర్చు ఒకటిన్నర రెట్లకు దగ్గర పడుతుంది. మొదటి వేసవి బిల్లు వచ్చాక అసలు లెక్క తెలుస్తుంది. యంత్రం కొనకముందే పడతల ధర కట్టుకునే పద్ధతిని ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

టన్ను అంటే బరువు కాదు

ముందుగా కొలత సంగతి. ఏ.సి. విషయంలో టన్ను అనేది యంత్రం తూకం కాదు. రెండు వేల పౌన్ల మంచుగడ్డ ఇరవైనాలుగు గంటల్లో కరగడానికి ఎంత వేడి పీల్చుకుంటుందో, అంత వేడిని అదే వ్యవధిలో గదిలోంచి తోడిపోసే శక్తిని ఒక టన్ను అంటారు. అంటే గంటకు 12,000 బి.టి.యు.లు, కిలోవాట్లలో సుమారు మూడున్నర. మంచు వ్యాపారం సాగిన కాలపు కొలత ఇది. 1902లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక అచ్చు కార్యాలయానికి విల్లిస్ కారియర్ గాలిలోని తేమను అదుపు చేసే యంత్రాన్ని రూపొందించిన తరువాత కూడా ఈ మంచు కొలతే నిలిచిపోయింది.

ఎన్ని టన్నులు కావాలన్నది గది వైశాల్యాన్ని బట్టి మాత్రమే తేలదు. ఉదాహరణకు మేడ మీద 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు గల గదిని తీసుకుందాము. పైన కాంక్రీటు శ్లాబు, దానిపై నేరుగా ఎండ. మే నెల మధ్యాహ్నం వేళ ఆ గదిలో చేరే వేడి రమారమి ఈ విధంగా ఉంటుంది.

పై శ్లాబు నుంచి – 1,200 వాట్లు
గోడల నుంచి – 700 వాట్లు
పడమటి కిటికీ నుంచి – 500 వాట్లు
నలుగురు మనుషుల నుంచి – 450 వాట్లు
సందుల గుండా వచ్చే గాలి – 250 వాట్లు
దీపాలు, ఫ్యాను, టి.వి. – 200 వాట్లు
మొత్తం – 3,300 వాట్లు

ఒక టన్ను యంత్రం శక్తి 3,500 వాట్లు కదా, సరిపోతుందని తోచవచ్చు. కాని ఆ శక్తిని బయటి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు ఉన్నప్పుడు కొలుస్తారు. మన ప్రాంతంలో 42, 43 డిగ్రీలు ఎక్కిన రోజున సామాన్యంగా పదో వంతు తరుగుతుంది. మిగిలేది 3,150. కనుక ఆ గదికి ఒక టన్ను చాలదు, ఒకటిన్నర టన్ను కావాలి.

సున్నం బకెట్టుతో అర టన్ను ఆదా

పై లెక్కలో అన్నిటికంటే పెద్ద పద్దు శ్లాబుదే. మన పెద్దలు దూలాలు, దంతెలు వేసి, వాటిపై ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు దొరికే నాపబండలు పరిచి, ఆపైన చౌడుమన్ను దట్టించి మిద్దెలు కట్టడంలోని మర్మం ఇదే. మందపాటి మన్ను ఎండవేడిని పగలంతా తనలో అట్టిపెట్టుకుని నెమ్మదిగా దించుతుంది. నాలుగైదు అంగుళాల కాంక్రీటు శ్లాబుకు ఆ గుణం లేదు. మధ్యాహ్నం తాగిన వేడిని సాయంత్రం నుంచే ఇంట్లో కుమ్మరిస్తుంది.

శ్లాబుపై తెల్లటి చలువ సున్నం గాని, ఎండను తిప్పికొట్టే తెల్ల రంగు గాని పూస్తే పైనుంచి దిగే వేడి సుమారు సగానికి తగ్గుతుంది. అప్పుడు 1,200 వాట్లు 600 అవుతుంది, మొత్తం 2,700కు దిగుతుంది. ఒక టన్ను యంత్రమే సరిపోతుంది. చదరపు అడుగుకు కూలితో సహా 20 రూపాయలు అనుకుంటే 180 చదరపు అడుగులకు 3,600 రూపాయలు. ఒక టన్నుకు, ఒకటిన్నర టన్నుకు ధరలో తేడా 7,000 అనుకుంటే సున్నం ఖర్చు పోను 3,400 మిగులు. రెండు మూడేళ్లకొకసారి మళ్లీ పూయవలసి ఉన్నా, ప్రతి వేసవిలో కరెంటు ఆదా దానికి అదనం. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానమొకటి ప్రకటించడానికి కారణం కూడా ఇదే సూత్రం.

అయితే పాత మిద్దె ఇళ్ల వారికి వేరే చిక్కు ఉంది. వేడి తక్కువ దిగినా బండల సందుల గుండా, తలుపు చట్రాల వెంట చల్లగాలి బయటకు పోతుంది. ఆ సందులు పూడ్చడమో, కింద అదనపు కప్పు వేయించడమో తప్పదు. ఆ ఖర్చును యంత్రం ఖర్చులోనే కలుపుకోవాలి. రాతినార రేకుల షెడ్డులో ఏ.సి. పెట్టడం దండగ. పలుచని రేకు వేడిని ఆపలేదు. పైగా పైపు కోసమని ఆ రేకుకు రంధ్రం వేస్తే లేచే నార ధూళి ఊపిరితిత్తులకు చేటు. రాతినార గనులున్న ఈ సీమవారికి ఆ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

పన్ను సంగతి

ఏ.సి. యంత్రాలపై 2025 సెప్టెంబరు 21 వరకు 28 శాతం జి.ఎస్.టి. ఉండేది. 22వ తేదీ నుంచి 18 శాతానికి తగ్గింది. అసలు ధర 35,000 ఉన్న యంత్రం పాత పన్నుతో 44,800. కొత్త పన్నుతో 41,300. తేడా 3,500 రూపాయలు. పాత ధర చీటీ చూపి దానిపై తగ్గింపు ఇస్తున్నామనే మాట ఎవరైనా చెబితే, తగ్గింది పన్నా, లాభమా అన్నది బిల్లులో విడిగా చూసుకోవాలి.

జి.ఎస్.టి. నంబరు గల వర్తకులు మరొకటి గుర్తుంచుకోవాలి. వ్యాపారానికి వాడే యంత్రంపై కట్టిన పన్నును జమ తీసుకోవచ్చు. సొంత వాడకానికి ఇంట్లో పెట్టిన దానికి ఆ జమ చెల్లదు. ఇంటి పడకగది యంత్రానికి అంగడి పేరున బిల్లు రాయించుకుంటే తనిఖీలో వడ్డీతో సహా తిరిగి కట్టవలసి వస్తుంది. ప్రొద్దుటూరులో కింద అంగడి, పైన కాపురం ఉన్న ఇళ్లు అనేకం. ఇంటి మీటరు నుంచి అంగడి ఏ.సి.కి తీగ లాగడం కూడా ఇటువంటి పొరపాటే. 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద దానిని అనధికార వాడకంగా లెక్కగట్టి రెట్టింపు రేటు వసూలు చేయవచ్చు.

రాగి తూకం

ఈ యంత్రంలో మన పాఠకులకు నేరుగా సంబంధించిన సరుకు రాగి. లోపలి యూనిట్‌ను, బయటి యూనిట్‌ను కలిపే గొట్టాల జత రాగిదే. ఒకటిన్నర టన్నుకు సాధారణంగా పావు అంగుళం గొట్టమొకటి, అర అంగుళం గొట్టమొకటి వాడతారు. ఎక్కువగా మూడు మీటర్ల జత యంత్రంతో పాటు వస్తుంది. బయటి యూనిట్‌ను మిద్దె మీదనో, పెరటి గోడకో పెడితే ఏడెనిమిది మీటర్లు అవసరమవుతుంది. ఆపై ప్రతి మీటరుకూ వేరే ధర.

ఇక్కడే గొట్టం మందం చూడాలి. 0.8 మిల్లీమీటర్ల మందం గల జత మీటరుకు సుమారు 390 గ్రాములు తూగుతుంది. 0.5 మిల్లీమీటర్ల పలుచని జత 255 గ్రాములే తూగుతుంది. కంటికి రెండూ ఒకటే. మీటరు లెక్కన ఒకే ధరకు అమ్మితే మూడో వంతుకు పైగా రాగి కొనుగోలుదారు చేతికి రాలేదన్నమాట. నష్టం తూకంతో ఆగదు. ఇప్పుడు వాడుకలో ఉన్న ఆర్-32 వాయువు పీడనం పాత ఆర్-22 కంటే బాగా ఎక్కువ. పలుచని గొట్టం మొన బిగించిన చోట చీలి వాయువు పోతుంది. మళ్లీ నింపించే ఖర్చు గొట్టంలో మిగిలిన దానికి ఎన్నో రెట్లు. కావున గొట్టాన్ని మీటర్లతో పాటు తూకం వేసి తీసుకోవడం మేలు. కాటా ప్రతి వర్తకుని వద్దా ఉన్నదే.

రాగి తేజీ వల్ల ఏ.సి. ఖర్చు వేలకు వేలు పెరిగిందనే మాటను కూడా తూకంతోనే పరీక్షించవచ్చు. 2018 మే నెలలో తూత్తుకుడి స్టెరిలైట్ కర్మాగారం మూతపడిన తరువాత మన దేశం శుద్ధి చేసిన రాగికి దిగుమతులపై ఆధారపడవలసి వచ్చింది. అందువల్ల లండన్ ధారణ ఇక్కడి ధరను నిర్ణయిస్తున్నది. 2024 మేలో లండన్‌లో టన్ను 11,000 డాలర్లు దాటి అప్పటికి రికార్డు నెలకొల్పింది. కాని ఇంటి లెక్క చూడండి. ఏడు మీటర్ల మందపు జతలో ఉండేది రెండుంముప్పావు కిలోల రాగి. కిలోకు వంద రూపాయలు పెరిగినా గొట్టాల మీద పడే భారం 275 రూపాయలే. యంత్రం లోపలి రాగి మరికొన్ని కిలోలు కలుపుకున్నా వేలల్లోకి పోదు.

యంత్రాల సరఫరా విషయానికి వస్తే, వాయువు నింపిన ఏ.సి.ల దిగుమతిని కేంద్రం 2020 అక్టోబరులో నిషేధించింది. 2021లో దేశీయ తయారీకి ప్రోత్సాహక పథకం మంజూరైంది. ఆ తరువాత తిరుపతి జిల్లా శ్రీసిటీలో బ్లూస్టార్, డైకిన్, హావెల్స్ కంపెనీల కర్మాగారాలు వచ్చినవి. మన జిల్లాకు సరుకు వచ్చే దూరం తగ్గింది.

పడతల ధర

ఇప్పుడు మొత్తం లెక్క. దిగువ ధరలు ఉదాహరణకు తీసుకున్నవి. ఎవరి బజారు ధర వారు వేసుకోవాలి. పద్దులు మాత్రం ఇవే. సున్నం వేయని గదికి ఒకటిన్నర టన్ను యంత్రం తీసుకున్నట్లు లెక్క.

యంత్రం, పన్నుతో – రూ. 41,300
అమర్చే కూలి – రూ. 1,500
అదనపు గొట్టం 4 మీటర్లు, మీటరు 900 చొప్పున – రూ. 3,600
బయటి యూనిట్‌కు ఇనుప స్టాండు – రూ. 800
గోడకు రంధ్రం – రూ. 1,000
నీరు పోయే గొట్టం – రూ. 300
వైరు, స్విచ్చి, ఎం.సి.బి., ఎర్తింగ్ – రూ. 4,500
స్టెబిలైజర్ – రూ. 3,800
మొత్తం – రూ. 56,800

యంత్రం మీద పైఖర్చు 15,500. అంటే నూటికి ముప్పై ఏడున్నర. పాత లెక్కలో రూపాయికి ఆరణాలు.

ఈ పద్దుల్లో మూడింటి గురించి కొంచెం వివరించాలి. మొదటిది గోడ రంధ్రం. ఇటుక గోడకు తక్కువే అవుతుంది. ఊళ్లలోని పాత రాతిగోడలు అడుగున్నర, రెండడుగుల మందం ఉంటవి. సుత్తి, ఉలితో కొడితే గోడ కదులుతుంది. కోర్ కటింగ్ యంత్రం తెప్పించాలి. దాని కూలి ముందుగా మాట్లాడుకోవాలి. రంధ్రం బయటివైపుకు కొంచెం వాలుగా లేకపోతే నీరు ఇంట్లోకి కారుతుంది.

రెండవది ఎర్తింగ్. వేముల పరిసరాల్లో నేల రాతిపొరలమయం, వేసవిలో తేమ ఉండదు. ఇటువంటి నేలలో పైపైన పాతిన కమ్మీ పనిచేయదు. గుంత తీసి ఉప్పు, బొగ్గు వేసి, ఎండాకాలంలో నీళ్లు పోస్తూ ఉండాలి. ఈ ఖర్చు మిగుల్చుకోవాలని చూసిన ఇంట్లో మొదట పోయేది యంత్రంలోని సర్క్యూట్ బోర్డు. అంతకంటే పెద్ద ప్రమాదం మనుషులకే. పాత ఇళ్లలోని సన్నని వైరింగ్‌కు ఏ.సి. తగిలించరాదు. బోర్డు నుంచి వేరే తీగ వేయాలి. మీటరుపై మంజూరైన లోడు చాలకపోతే విద్యుత్ శాఖకు దరఖాస్తు చేసి పెంచుకోవాలి. దాని రుసుము పై లెక్కలో లేదు.

మూడవది అమర్చే కూలి. గొట్టాలు బిగించిన తరువాత నత్రజని వాయువుతో పీడనం పరీక్షించి, వాక్యూమ్ పంపుతో లోపలి గాలిని, తేమను పూర్తిగా లాగిన తరువాతనే వాయువు వదలాలి. ఏప్రిల్, మే నెలల్లో రోజుకు అయిదారు ఇళ్లు ఒప్పుకున్న మెకానిక్ పంపు పెట్టకుండా, కొంత వాయువును వదిలి దానితోనే గాలిని తోసివేసినట్లు చేసి వెళ్లిపోతాడు. లోపల మిగిలిన తేమ క్రమంగా కంప్రెసర్‌ను దెబ్బతీస్తుంది. ఆర్-32 కొద్దిగా మండే గుణం గల వాయువు కూడా. పంపు పెట్టి కనీసం పావుగంట, ఇరవై నిమిషాలు నడిపించే వరకు యజమాని దగ్గరుండడం మంచిది. పంటకైనా పనికైనా అదను ముఖ్యం. ఎండలు ముదరక ముందు, జనవరి, ఫిబ్రవరిలో పెట్టించుకుంటే మెకానిక్‌కు తీరిక, యజమానికి బేరం.

బయటి యూనిట్‌కు గాలి ఆడే చోటు కావాలి. ముగ్గురాయి పొడి, నాపబండల పాలిషింగ్ దుమ్ము రేగే చోట దాని రేకులు త్వరగా మూసుకుపోతవి. అటువంటి చోట ఏడాదికి ఒకసారి కాదు, రెండుసార్లు కడిగించాలి.

కరెంటు బిల్లు: సగటు చూసి మోసపోరాదు

ముద్దనూరు, ఎర్రగుంట్ల మధ్య 1,650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ కేంద్రం మన కళ్లెదుటే ఉన్నా, బిల్లు మాత్రం అందరికీ ఒకే పట్టిక ప్రకారం వస్తుంది. 2022-23 టారిఫ్ ఉత్తర్వు గృహ వినియోగానికి నిర్ణయించిన శ్లాబులు ఇవి: మొదటి 30 యూనిట్లు రూ. 1.90, 75 వరకు రూ. 3, 125 వరకు రూ. 4.50, 225 వరకు రూ. 6, 400 వరకు రూ. 8.75, ఆపైన రూ. 9.75. సర్దుబాటు చార్జీలు, సుంకం వేరు. తాజా బిల్లులో రేటు మారి ఉంటే ఆ అంకె వేసుకోవాలి.

నెలకు 150 యూనిట్లు కాలే ఇంటికి ఈ లెక్కన చార్జీ 567 రూపాయలు. సగటున యూనిట్ మూడు రూపాయల డెబ్బై ఎనిమిది పైసలు. ఏ.సి. రోజుకు ఏడు యూనిట్లు, నెలకు 210 కాలుస్తుందనుకుందాము. పాత సగటుతో గుణిస్తే ఎనిమిది వందల లోపే అనిపిస్తుంది. కాని ఏ.సి. యూనిట్లు వచ్చి కూర్చునేది పై శ్లాబుల్లో. 75 యూనిట్లు ఆరు రూపాయల చొప్పున 450. మిగిలిన 135 యూనిట్లు 8.75 చొప్పున 1,181. వెరసి 1,631. బిల్లు 567 నుంచి 2,198కి ఎక్కుతుంది. యూనిట్లు రెండున్నర రెట్లు కూడా కాలేదు, బిల్లు మాత్రం నాలుగు రెట్లకు దగ్గర పడింది. నాలుగు నెలల వేసవికి కరెంటు ఖర్చు 6,500 పైమాటే. పది వేసవులకు 65,000. అమర్చడానికి పెట్టిన మొత్తం కంటే ఎక్కువ.

అయిదు నక్షత్రాలు, రెండు రూపాయల వడ్డీ

అయితే అయిదు నక్షత్రాల యంత్రమే కొనాలా? నక్షత్రాల గుర్తు వెనుక ఉన్న అంకెనే చూడాలి. ఆ అంకె 5 ఉన్న యంత్రం పై లెక్కన వేసవికి 840 యూనిట్లు కాలిస్తే, అంకె 4 ఉన్నది అదే చల్లదనానికి 1,050 కాలుస్తుంది. తేడా 210 యూనిట్లు. అవి పై శ్లాబులవి కనుక వాటి విలువ సుమారు 1,890 రూపాయలు. ధరలో తేడా 8,000 అనుకుంటే నాలుగేళ్ల పైచిలుకులో రాబడి వస్తుందని అంగడివారు చెప్పేది ఈ లెక్కే.

కాని ఆ ఎనిమిది వేలకు వడ్డీ ఎవరు కట్టాలి? నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన సొమ్మయితే ఏడాదికి 1,920 వడ్డీయే అవుతుంది. ఆదా 1,890 దానికి కూడా చాలదు. అసలు ఎప్పటికీ తీరదు. రూపాయి వడ్డీ సొమ్మయితే ఏడాదికి వడ్డీ 960 పోను మిగిలినది అసలుకు జమపడుతూ ఆరేళ్లు దాటిన తరువాత తీరుతుంది. సొంత సొమ్ము బ్యాంకులో ఊరకే ఉన్నవారికి, లేదా పగలూ రాత్రీ యంత్రం నడిపేవారికి అయిదు నక్షత్రాలు లాభం. అప్పు చేసి రాత్రిపూట మాత్రమే వాడుకునేవారికి మూడు నక్షత్రాల యంత్రం, పైన చలువ సున్నం మేలు. వాయిదాలకు వడ్డీ లేదని చెప్పిన చోట కూడా రొక్కం ధర వేరే ఉందేమో అడిగి తెలుసుకోవాలి. ఆ తేడాయే వడ్డీ.

ఏప్రిల్, మే నెలల్లో మన గాలిలో తేమ తక్కువ కాబట్టి కూలర్ కూడా బాగా పనిచేస్తుంది. వట్టివేళ్ల తడికెల కాలం నుంచి తెలిసిన సంగతే ఇది. వానలు పడి గాలిలో తేమ చేరిన తరువాత మాత్రం కూలర్ వల్ల ఉక్క పెరుగుతుంది తప్ప ప్రయోజనం లేదు. నీటి ఎద్దడి ఉన్న ఊళ్లలో, ఉప్పునీళ్లు వచ్చే బోర్లున్న చోట ఆ ఖర్చు కూడా లెక్కించాలి.

రాత్రికి ఎంత?

చివరి లెక్క. 56,800 పెట్టుబడిని పదేళ్లకు పంచితే ఏడాదికి అరుగుదల 5,680. సగటు పెట్టుబడిపై రూపాయి వడ్డీ 3,408. కరెంటు 6,525. కడిగింపు, మరమ్మతు 1,500 అనుకుందాము. మొత్తం 17,113. నాలుగు నెలలు, అంటే 120 రాత్రులు వాడితే రాత్రికి 143 రూపాయలు పడుతుంది.

ఇది ఎక్కువా, తక్కువా అన్నది ఎవరి ఇంటి సంగతి వారిది. ఇంట్లో వృద్ధులు, పసిబిడ్డలు, రోగులు ఉన్నవారికి 43 డిగ్రీల ఎండలో ఇది విలాసపు ఖర్చు కాదు. కాని రాత్రికి 143 అని తెలిసి కొనడం వేరు, చీటీ మీది 41,300 చూసి కొనడం వేరు. బేరానికి కూర్చున్నప్పుడు అయిదు విషయాలు రాతపూర్వకంగా తీసుకోవాలి: పన్ను విడిగా చూపిన ధర, గొట్టం మందం, మీటరు రేటు, రంధ్రంతో సహా అమర్చే కూలి, వాక్యూమ్ పంపు పెడతామన్న హామీ. కాగితం మీద లేని మాటకు బజారులో విలువ లేదు.